పాత టేకు పెట్టె, వానాకాలంలో బిగుసుకుపోయిన మూత: చేత్తో పెట్టెలు చేసేవాళ్లు దారి చెప్పండి

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా సెలవు రోజుల్లో చెక్కపని చేస్తున్నాను. మొన్న మే నెలలో మా అమ్మకి ఒక పెట్టె చేసిచ్చాను. ఊళ్లో పెంకుటిల్లు విప్పేటప్పుడు వీధి గుమ్మం ద్వారబంధం నాకిమ్మని అడిగి తెచ్చుకున్నాను. తాతగారు ఇల్లు కట్టినప్పుడు నిలబెట్టిన టేకు అది. సామిల్లులో పలకలు కోయించి, వారం రోజులు సెలవు పెట్టి చేశాను. మూలలు డవ్‌టెయిల్ అతుకులు, అంటే పావురం తోకలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చేవి. అడుగుకి ప్లైవుడ్. మూతకి బందులు లేవు. పాతకాలం బలపాల పెట్టెలా రెండు పక్క గోడల్లో గాడి తీసి, ఒకే పలకని అందులోకి జారేలా చేశాను. ఒక గాడి అడుగు నుంచి రెండో గాడి అడుగుకి 227 మిల్లీమీటర్లు. మూత వెడల్పు 226.5. అంటే అర మిల్లీమీటరు వదులు. ఒక వేలితో తోస్తే చాలు, మెత్తగా జారేది. ఫొటో కింద పెట్టాను.

అమ్మ అందులో నాన్న రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు పెట్టుకుంది. రోజూ భోజనం అయ్యాక ఒకటి తీసి చదువుకుని మళ్లీ లోపల పెట్టేస్తుంది. శ్రావణం వచ్చి నాలుగు గట్టి వానలు పడ్డాక మూత కదలడం మానేసింది. ఇవాళ్టికి పదకొండు రోజులు. రబ్బరు సుత్తితో తట్టాను, గాడి అంచుల్లో కొవ్వొత్తి రుద్దాను, లాభం లేదు. అమ్మ ఏమీ అనడం లేదు, పెట్టె పక్కన కూర్చుని వెళ్లిపోతోంది. అది చూడలేకపోతున్నాను.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. తరాల తరబడి ఎండా వానా చూసిన గుమ్మం కదా, ఆరాల్సిందంతా ఎప్పుడో ఆరిపోయి ఉండాలి. ఇంకా ఉబ్బడమేమిటి?

మేడమీదషెడ్డు (విశాఖపట్నం)

ఫొటోలో అతుకులు చాలా బాగున్నాయండీ. జవాబు నాకు తెలీదు గానీ తెలుసుకోవాలని ఉంది. నేనూ పాత తలుపు చెక్కతోనే మొదలుపెడదామని తెచ్చి పెట్టుకున్నాను.

చిత్రికపొట్టు (హైదరాబాద్)

గోదారిగట్టు గారూ, ముందు సుత్తి పక్కన పెట్టండి. మూత మీద వేలు పట్టే గుంట చెక్కారు కదా, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాలని కూడా చూడకండి. ఆ గుంట దగ్గర చెక్క సన్నగా ఉంటుంది, నార వెంబడి చీలిపోతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. పచ్చి మానులో ఉన్న నీరు ఆరిపోవడం ఒకసారి జరిగే పని. అది మీ తాతగారి రోజుల్లోనే అయిపోయింది. కానీ ఆరిన కలప చుట్టూ ఉన్న గాలిలోని చెమ్మని తాగుతూ వదులుతూనే ఉంటుంది, అది ఎన్నేళ్లకీ ఆగదు. వేసవిలో మీ పలకలో తేమ 9 శాతం ఉందనుకోండి, ముసురు పట్టిన శ్రావణంలో 14 దాకా పోతుంది. అంటే 5 శాతం తేడా.

టేకు పలక గుండ్రపు వలయాల వెంబడి కోసినదైతే, ఒక్కో శాతం తేమకి వెడల్పులో ఇంచుమించు 0.00186 వంతు పెరుగుతుంది. 226.5ని దానితోనూ, 5తోనూ హెచ్చవేయండి. 2.1 మిల్లీమీటర్లు వస్తుంది. మీరు వదిలింది అర మిల్లీమీటరు. టేకు కాబట్టి ఇంతతో పోయింది, టేకు తక్కువ కదిలే కలపల్లో ఒకటి.

ఇంకో సంగతి. కలప పొడవులో దాదాపు పెరగదు, నారకు అడ్డంగానే పెరుగుతుంది. మీ పెట్టె ముందు వెనక గోడల్లో నార ఎటు ఉంది? పెట్టె వెడల్పు వెంబడి. కాబట్టి ఆ గోడల పొడవు మారలేదు, గాడికీ గాడికీ మధ్య దూరం 227 దగ్గరే ఉండిపోయింది. మూతలో నార పెట్టె పొడవు వెంబడి ఉంది, అది వెడల్పులో పెరిగింది. ఎటూ పోలేక అక్కడే బిగుసుకుంది. మీ చేతిపనిలో తప్పు లేదు, లెక్కలో చోటు వదల్లేదు, అంతే.

వడ్లింటిబిడ్డ (జగిత్యాల)

అన్నా, మా తాత, మా బాపు ఇద్దరూ వడ్ల పనే, అంటే వడ్రంగమే జేసిండ్రు. నేను బడిల పాఠాలు జెప్త, ఐతారం ఐతారం పెట్టెలు జేస్త. మీ ఇంట్ల తలుపులు జూసుకోండ్రి. వానకాలం వస్తే చౌకట్టుకు వట్టుకుంటయి, ఎండకాలం వస్తే ఒదులైతయి. ఆ తలుపులు సుత పాతయే కదా. గుమ్మం బందంల ఆ కర్ర లావుగుండె, మీదికెల్లి రంగు, నూనె ఉండె, అందుకే ఉబ్బుడు కండ్లకు కనవడలే. మీరు దాన్ని సన్నగ కోపిచ్చిండ్రు. సన్నటి పలక చెమ్మను జల్ది గుంజుకుంటది.

అమ్మ సంగతి ముందుగాల జూడుండ్రి. పెట్టెను ఎండల పెట్టకుండ్రి, మూత ఒక్క దిక్కే ఎండి వంకర వోతది, పలుగుతది సుత. ఏసీ ఉన్న రూముల తలుపులు వెట్టి నాలుగైదు రోజులు ఉంచుండ్రి. పెట్టె కింద రెండు పుల్లలు వెడితే అడుగుకు సుత గాలి ఆడ్తది. రోజూ ఒకపాలి రెండు చేతుల్తోని మెల్లగ గుంజి జూడుండ్రి. రాకపోతే ఇడిశిపెట్టుండ్రి, జబర్దస్తీ జెయ్యకుండ్రి.

గోదారిగట్టు

వడ్లింటిబిడ్డమ్మా, మీ మాట వినగానే పెట్టెని మా పడకగదిలో పెట్టేశాను. ఏసీ డ్రై మోడ్‌లో ఉంచాను. చిత్రికపొట్టు మాస్టారూ, నార సంగతి మీరు చెప్పాక పెట్టె ముందు కూర్చుని వేలు పెట్టి ఒక్కో గోడా చూసుకున్నాను. మూడేళ్లు పని చేసినా ఇది నాకు తట్టలేదు.

చలిదేశం (మిన్నెసోటా)

మీకు బిగుసుకుంది, నాకు పగిలింది. రోగం ఒకటే కాబట్టి రాస్తున్నాను.

మా అత్తగారు విజయవాడలో చేయించి ఇచ్చిన టేకు పెట్టెని ఇక్కడికి తెచ్చుకున్నాను. అడుగు కూడా టేకు పలకే, నాలుగు పక్కలా ఫెవికాల్ పట్టించి గాడిలో బిగించేశారు. జనవరిలో బయట సున్నాకి 20 డిగ్రీలు కింద, ఇంట్లో రాత్రింబవళ్లు హీటర్. గదిలో గాలి తేమ 20 శాతానికి పడిపోతుంది. ఒక రాత్రి పుల్ల విరిచినట్టు చప్పుడైంది. పొద్దున చూస్తే అడుగు పలక మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి చీలి ఉంది, సందులో పోస్టుకార్డు దూరుతుంది. పలక ముడుచుకుపోవాలని చూసింది, జిగురు వదల్లేదు, మధ్యలో తెగింది.

అప్పటి నుంచి నేను చేసే పెట్టెల్లో అడుగు పలకకి జిగురు వేస్తే మధ్యలో ఒక్క బొట్టే. మిగతాదంతా గాడిలో ఊరికే నిలబడి ఉంటుంది. ఇండియాలో వానాకాలంలో పెట్టె చేసి విదేశం పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఇక్కడికొచ్చాక అది ఇంకా సన్నబడుతుంది. గాడి లోతుగా ఉండకపోతే పలక అంచు బయటికి వచ్చేస్తుంది.

అంకుడు (అనకాపల్లి జిల్లా)

నేను లేతు మీద భరిణెలు తిప్పుతాను. మాకు దగ్గర్లోనే వరాహ నది గట్టున ఏటికొప్పాక. అక్కడి బొమ్మల పని చూసి నేర్చుకున్నవాణ్ణి. గుండ్రటి పెట్టెకీ ఇదే తిప్పలు. అంకుడు కర్ర పచ్చిగా ఉన్నప్పుడు తిప్పిన కుంకుమ భరిణె ఆరేసరికి కోలగా తయారవుతుంది. మూత ఒక పక్క పట్టేస్తుంది, ఇంకో పక్క సందు. అందుకే ముందు మందంగా గుల్ల తీసి, నీడన నెలల తరబడి పక్కన పెడతాం. అది ఎంత కోలబడాలో అంతా కోలబడ్డాక మళ్లీ లేతు మీదకెక్కించి సరిచేస్తాం. ఆ తర్వాతే లక్క. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో ఒత్తితే నిగనిగలాడుతుంది.

కోసిన వారంలోనే పెట్టె చేసేశానన్నారు గోదారిగట్టు గారు. పాత కలపైనా సరే, లావు దుంగని పలకలుగా కోసినప్పుడు లోపలి చెక్క మొదటిసారి గాలికి బయటపడుతుంది. పుల్లలు మధ్య పెట్టి పేర్చి, కనీసం మూడు నాలుగు వారాలు మీరు పనిచేసే గదిలోనే ఉంచి అప్పుడు చిత్రిక పట్టండి. ఏ పలక ఎటు వంగుతుందో అదే చూపిస్తుంది.

మేడమీదషెడ్డు

పెద్దలు మాట్లాడుకుంటున్నప్పుడు అడ్డొస్తున్నాను, మన్నించాలి. మాది అపార్టుమెంటు, పెద్ద మిషన్లు పెట్టలేను. చేత్తో మొదటి పెట్టె చేయాలంటే ఏమేం కావాలి? ఇంకోటి. మూత మీద చిన్న ఎర్రచందనం బద్ద పొదగాలని ఉంది. తెలిసినాయన ఒక ముక్క ఇస్తానన్నాడు.

చిత్రికపొట్టు

ఎర్రచందనం ముక్క తీసుకోకండి, ఆయన ఎంత మంచివాడైనా సరే. శేషాచలం, నల్లమల చుట్టుపక్కల తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు అది. అంతర్జాతీయ వాణిజ్యం మీద సైటిస్ (అంతరించే ముప్పున్న మొక్కల, జంతువుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) నియంత్రణ ఉంది, మన అటవీ చట్టాలు ఇంకా గట్టివి. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేని ముక్క ఇంట్లో ఉండటమే చిక్కు. ఆ చెట్ల కోసం అడవిలో జరుగుతున్నది మనందరికీ తెలుసు. అభిరుచి కోసం చేసే పెట్టెలోకి దాన్ని రానివ్వకూడదు. ఎరుపు కావాలంటే నల్లతుమ్మ చేవ చూడండి. చిత్రిక పట్టి నూనె చెయ్యి తగిలించగానే ఇటుక రంగు తేలుతుంది. పసుపు కావాలంటే పనస చేవ. టేకు పక్కన రెండూ ముచ్చటగా ఉంటాయి, కాల్చే కట్టెల మధ్య కూడా దొరుకుతాయి.

పనిముట్లంటారా, నేను మొదలుపెట్టింది వీటితోనే: సన్న పళ్ల రంపం, 6, 12, 18 మిల్లీమీటర్ల ఉలులు మూడు, ఒక చిత్రిక, మూలమట్టం, గీత గేజి, సానరాయి. నాలుగు క్లాంపులు ఉంటే మంచిది, లేకపోతే పార్సిల్ టేపు గట్టిగా లాగి చుట్టినా చిన్న పెట్టె నిలుస్తుంది. డబ్బు మిగిలితే ఇంకో ఉలి కొనకండి, మంచి సానరాయి కొనండి. కొత్త ఉలి పదునుగా ఉండదు. అంచు 25 డిగ్రీలు ఉంటే, చివర్న 30 డిగ్రీల దగ్గర పట్టుకుని రాయి మీద తోయండి. వెనక వైపు వేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగలాలి, అంచు పొడుగునా తగలాలి. అప్పుడు ఉలిని తిప్పి బల్లపరుపుగా రెండుసార్లు రుద్ది ఆ గరుకు తీసేయండి. మెత్తటి చెక్క కొసని అడ్డంగా చెక్కి చూడండి. పొడి రాలితే పదును రానట్టు. సన్నటి పొర లేచి, చెక్క మొహం నున్నగా మెరిస్తే అప్పుడు డవ్‌టెయిల్ గీసుకోండి.

టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది. నేను ఒక్కో మూలకి ఒకసారి సాన దగ్గరకి వెళతాను.

వడ్లింటిబిడ్డ

పాత తలుపు కర్ర అన్నరు కదా తమ్మీ, రంపం వెట్టకముందు అయస్కాంతం వట్టుకోని మొత్తం రాయుండ్రి. లోపల విరిగిన మొలలుంటయి. ఒక్క మొల తగిల్తే రంద, అదే మీ చిత్రిక, బ్లేడు పల్లు వోతది. ముక్కుకు మాస్కు గట్టుకోండ్రి, టేకు పొట్టు మస్తు మందికి పడది, తుమ్ములు, దురద.

మా బాపు నేర్పిన తొలి పాఠం జెప్త. ఎదురెదురు పలకలు రెండూ సమానంగుండాలె. 200 ఉండాల్సింది 199 అయినా ఫికర్ లేదు, రెండూ 199 అయితే పెట్టె సక్కగ వస్తది. ఒకటి 200, ఒకటి 199 అయితే ఏం జేసినా మూల కలువది. రెండింటిని జతవెట్టి ఒక్కసారే కొసలు రంద వట్టుండ్రి. నాలుగు పలకలు ఒక్క బద్దల నుంచే వరుసల కోస్తే, చారలు పెట్టె సుట్టూ తిరిగొస్తయి. మా ఇంట్ల నానమ్మ సందుగ గట్లనే ఉంటది, మూల దగ్గర సూస్తే చార తెగినట్టే కనవడది.

గోదారిగట్టు

వచ్చింది!

ఐదో రోజు రాత్రి లాగితే కిర్రుమని కొంచెం కదిలింది. ఆపేశాను. ఆరో రోజు పొద్దున అమ్మ చేతికే ఇచ్చాను. తనే లాగింది. లోపల ఉత్తరాలు బాగానే ఉన్నాయి, కానీ పైనున్న రెండు ఉత్తరాల మీద పచ్చటి నూనె మరక పడింది. మూత కింది వైపు అవిసె నూనె పూశాను నేను. అమ్మ మరకని చీరకొంగుతో అద్ది, 'అక్షరాలు పోలేదులే' అంది.

బయటికి తీసిన వెంటనే వెర్నియర్‌తో కొలిచాను: 226.8. ఇప్పుడు చిత్రిక పట్టి సరిచేసేయనా?

చిత్రికపొట్టు

చాలా సంతోషం. చిత్రిక ఇప్పుడే పట్టండి, ఆలస్యమెందుకు. రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు తీసేస్తే సరిపోతుంది.

వడ్లింటిబిడ్డ

కోపం జేసుకోకుండ్రి సార్, నేను ఒప్పుకోను. ఆరు రోజులు ఏసీల ఎండిన మూత అది, ఇప్పుడు అది నిజం వెడల్పు కాదు. ఇప్పుడు అంచనాకు తీస్తే ఎక్కువ తీసినా తీస్తం, తక్కువ తీసినా తీస్తం. తీసిన కర్ర మళ్ల రాదు. పాత గుమ్మం కర్ర, ఇంకోటి తెద్దామంటే దొరకది. మూతను అరుగు మీద నీడకు, వాన జల్లు తగలకుండ, నిలవెట్టి పది రోజులు ఉంచుండ్రి. ఉబ్బాల్సింది మొత్తం ఉబ్బనీయిండ్రి. అప్పుడు కొలిచి, గప్పుడు తీయిండ్రి. వానకాలంల సక్కగ జారితే ఎండకాలంల పట్టుకునుడన్నది ఉండది.

చిత్రికపొట్టు

మీరు చెప్పిందే సరైన పద్ధతి అమ్మా. లెక్క ఉంది కదా అని నేను తొందరపడ్డాను. ఆ లెక్క పుస్తకంలోని టేకుది, ఈ పలకది కాదు. పది రోజులు ఆగండి గోదారిగట్టు గారూ.

ఈలోపు మూత కొస చూసి చెప్పండి. వలయాల గీతలు పడుకుని ఉన్నాయా, నిలబడి ఉన్నాయా? పడుకుని ఉంటే నేను చెప్పిన 2 మిల్లీమీటర్లు. నిలబడి ఉంటే, అంటే దుంగ మధ్య నుంచి బయటికి కోసిన పలకైతే, కదలిక దాదాపు సగమే. ఇంకోసారి జారే మూత చేస్తే అలాంటి పలకని ఏరుకోండి.

లోపలి నూనె సంగతి. పెట్టె లోపల నూనె పూయకూడదండీ. మూసిన చోట గాలి ఆడదు, నెలల తరబడి వాసన పోదు, కాగితానికి, బట్టకి అంటుతుంది. సాండ్‌పేపర్‌తో ఆ వైపు నూనె పోయేదాకా రుద్దండి. తర్వాత లక్క. 100 గ్రాముల చపడా లక్కని అర లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పల్చటి నూలు గుడ్డలో వడగట్టి, దూదిని ఉండ చేసి గుడ్డలో చుట్టి దానితో పూతలు పూయండి. లోపలా బయటా సమానంగా పడాలి. ఒక వైపు పూసి రెండో వైపు వదిలేస్తే, వదిలేసిన వైపే చెమ్మ తాగి పలక దోనెలా వంగుతుంది. ముసురు రోజున మాత్రం లక్క జోలికి వెళ్లకండి. పూసిన చోట పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది.

నూనె తుడిచిన గుడ్డలు ఏం చేశారు? ఉండ చుట్టి మూల పడేసి ఉంటే ఇప్పుడే తీసి విడివిడిగా ఆరేయండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది.

చలిదేశం

ఇది నిజం. ఇక్కడ నేను నేర్చుకున్న వర్క్‌షాపులో నూనె గుడ్డలకి నీళ్లు పోసిన ఇనుప డబ్బా ప్రత్యేకంగా ఉంటుంది.

ఎవరైనా ఇక్కడి బంధువులకి పెట్టె పంపుతుంటే ఇంకో మాట. రోజ్‌వుడ్, అదే జిట్రేగు, 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం సైటిస్ పట్టికలో ఉంది. పంపేముందు నిబంధనలు చూసుకోండి. టేకుకి ఆ బెడద లేదు.

మేడమీదషెడ్డు

గుడ్డల సంగతి చదవగానే బాల్కనీలోకి పరిగెత్తాను. ఉన్నాయి, తీగ మీద ఆరేశాను. ఎర్రచందనం వద్దని ఆయనకి చెప్పేశాను. మా వీధి చివర కట్టెల అడితిలో పనస మొద్దు చూశాను.

గోదారిగట్టు

పన్నెండు రోజులైంది. మూత కొస చూశాను మాస్టారూ, గీతలు పడుకునే ఉన్నాయి. వానల్లో అరుగు మీద ఉంచి రోజూ సాయంత్రం కొలిచాను. 226.8 నుంచి మొదలై 227.4, 227.9, ఎనిమిదో రోజుకి 228.3. తర్వాత నాలుగు రోజులు అక్కడే ఆగింది. మొదటి రోజే చిత్రిక పట్టి ఉంటే నేను అర మిల్లీమీటరు తీసి ఊరుకునేవాణ్ణి, వారానికి మళ్లీ పట్టేసేది. వడ్లింటిబిడ్డ గారికి దణ్ణం.

నిన్న చిత్రిక పట్టాను. రెండు అంచుల నుంచీ సమానంగా తీసుకుంటూ 226.5కి తెచ్చాను. ఈ వానల్లో అర మిల్లీమీటరు వదులుంది. వేసవికి ఇంకో రెండు సన్నబడుతుంది, గాడి ఒక్కో వైపు 6 మిల్లీమీటర్ల లోతు కాబట్టి అంచు బయటపడదు. గాడిలో తేనెమైనం రాశాను. వచ్చిన పొట్టుకి ఆ పాత టేకు వాసన ఇంకా ఉంది. అమ్మ గుప్పెడు తీసి చిన్న గుడ్డలో మూట కట్టుకుంది, ఉత్తరాల మధ్య పెట్టుకుంటానంటే లోపల నూనె మరకలు పడతాయేమోనని వద్దన్నాను. దిండు కింద పెట్టుకుంది.

లక్క పూయడానికి ఎండ కోసం చూస్తున్నాను. అప్పటిదాకా మూత లేకుండా, మీద తెల్లటి నూలు గుడ్డ కప్పి ఇచ్చాను. రాత్రి అన్నం తిన్నాక గుడ్డ తీసి, కట్ట మధ్య నుంచి ఒక ఉత్తరం లాగింది.

వడ్లింటిబిడ్డ

మంచిగైంది అన్నా. లక్క వెట్టినంక ఫొటో వెట్టుండ్రి. పండుగకు నానమ్మ సందుగ ఫొటో నేను వెడ్త, ఆ మూల అతుకు దగ్గరికెల్లి తీసి.

చిత్రికపొట్టు

మూత మీద మొదటి కొలతా, వానాకాలం కొలతా పెన్సిల్‌తో కింది వైపు రాసి, దాని మీదే లక్క వేయండి. వచ్చే మే నెలలో మళ్లీ కొలిచి మాకు చెప్పండి.

గోదారిగట్టు

రాశాను మాస్టారూ. తారీఖులు అమ్మ రాసింది.